పన్ను ప్రశ్న ముందు మధ్యేవాది

సభకు నమస్కారం. సాయంత్రం ట్రాఫిక్‌లో బాగ్‌లింగంపల్లి దాకా వచ్చి పన్నుల గురించి వినడానికి కూర్చున్నారంటే ఈ విషయం మీద మీకు నిజంగా పట్టింపు ఉన్నట్టే. అందుకే నేరుగా మొదలుపెడతాను.

"మీరొస్తే పన్నులు పెంచుతారా, పెంచరా?" ఎన్నికల చర్చలో ఈ ప్రశ్న రాగానే రెండు కొసల్లో ఉన్నవాళ్లకు పెద్ద చిక్కేమీ ఉండదు. ఒకరు ఉన్నవాళ్ల మీద వేస్తామంటారు, ఇంకొకరు అందరికీ తగ్గిస్తామంటారు. నలిగేది మధ్యలో ఉన్న మనిషే. ఆసుపత్రులు బాగుపడాలంటాడు, అప్పు పెరగకూడదంటాడు, మధ్యతరగతి మీద భారం వేయనంటాడు. ఈ మూడూ ఒకేసారి పొసగవని అతనికి బాగా తెలుసు. పోటీ హోరాహోరీగా ఉన్నప్పుడు ఆ మాట పైకి అనడానికే నోరు రాదు.

ఆ భయానికి చరిత్ర ఉంది. 1984లో అమెరికాలో డెమోక్రాట్ల అభ్యర్థి వాల్టర్ మాండేల్ పార్టీ మహాసభలోనే చెప్పేశారు: అధ్యక్షుడు రీగన్ పన్నులు పెంచుతారు, నేనూ పెంచుతాను, ఆయన మీకు చెప్పరు, నేను చెప్పాను అని. 50 రాష్ట్రాల్లో ఆయన గెలిచింది సొంత రాష్ట్రం మిన్నెసోటా ఒక్కటే. ఆర్థిక వ్యవస్థ కోలుకుంటున్న ఏడాది అది. రీగన్‌ను ఎవరైనా ఓడించగలిగేవారా అన్నది నాకు అనుమానమే. కానీ ప్రచార సలహాదారులు మాత్రం ఆ ఓటమి నుంచి ఒక్క పాఠమే నేర్చుకున్నారు. నాలుగేళ్ల తర్వాత జార్జ్ బుష్ సీనియర్ కొత్త పన్నులే ఉండవని ప్రమాణం చేసి గెలిచారు, 1990లో లోటు తగ్గించడానికి కాంగ్రెస్‌తో ఒప్పందం కుదుర్చుకుని పన్నులు పెంచారు, 1992లో ఓడిపోయారు. ఆ ఓటమికీ వేరే కారణాలున్నాయి. అయినా నిజం చెప్పినవాడూ పోయాడు, మాట తప్పినవాడూ పోయాడు అన్నదే రాజకీయ నాయకుల మనసులో నిలిచింది.

అక్కడి నుంచి మధ్యేవాదులు మూడో దారి పట్టారు. ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ అనకుండా ఒక గీత గీస్తారు. 2008లో ఒబామా ఏడాదికి 2,50,000 డాలర్ల లోపు సంపాదించే కుటుంబాల మీద పన్ను పెంచనన్నారు. 2020లో బైడెన్ ఆ గీతను 4,00,000 దగ్గరకు జరిపారు. ఈ జరగడాన్ని గమనించండి. చర్చ చూస్తున్న వాళ్లలో నూటికి తొంభై మందికి పైగా "నేను గీతకు ఇవతలే ఉన్నాను" అని ఊపిరి పీల్చుకుంటారు. వేదిక మీద అది గొప్ప జవాబే. ప్రభుత్వంలోకి వెళ్లాక మాత్రం, పన్ను వేయడానికి మిగిలిన నేల ప్రతి ఎన్నికకూ కొంచెం చొప్పున తగ్గిపోతుంది.

బ్రిటన్‌లో ఇంకో పద్ధతి. 1992లో ప్రతిపక్షంలో ఉన్న లేబర్ పార్టీ తన పన్ను ప్రణాళికను ముందే బయటపెట్టింది. దాన్ని కన్సర్వేటివ్‌లు "పన్ను బాంబు" అంటూ పోస్టర్లకెక్కించారు. సర్వేల్లో పోటాపోటీగా ఉన్న ఎన్నిక చేజారింది. 1997 ఎన్నికలకు ముందు లేబర్ ఆర్థిక ప్రతినిధి గోర్డన్ బ్రౌన్ ఆదాయపు పన్ను మూల రేటు, పై రేటు రెండూ ముట్టనని మాటిచ్చారు. పార్టీ భారీగా గెలిచింది. 2024 జూన్ 4న టీవీ చర్చలో అప్పటి ప్రధాని రిషి సునాక్ లేబర్ వస్తే ఇంటికి 2,000 పౌండ్ల పన్ను పడుతుందని పదేపదే అన్నారు. అది నాలుగేళ్ల మొత్తమని ఆ వేదిక మీద తేలలేదు. ఒక్కో జవాబుకు ఇచ్చింది 45 సెకన్లు. లేబర్ నాయకుడు కీర్ స్టార్మర్ వెంటనే ఖండించలేదు, ఖండించేసరికి ఆ అంకె జనంలోకి వెళ్లిపోయింది. గెలిచాక ఏమైంది? శ్రామికుల మీద ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ (జీతాల మీద పడే సామాజిక భద్రత చందా), వ్యాట్ పెంచబోమన్న మాటకు కట్టుబడ్డామంటూనే, యజమానులు కట్టే నేషనల్ ఇన్సూరెన్స్‌ను 13.8 నుంచి 15 శాతానికి పెంచారు. బస్తా బరువు తగ్గలేదు, భుజం మారింది. ఆ యజమాని జీతాల పెంపు ఆపితే భారం ఎవరి మీద పడినట్టు? చర్చలో ఎవరూ అడగని ప్రశ్న అది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం 2005 నాటి జర్మనీ. ప్రతిపక్ష నాయకురాలు ఏంజెలా మెర్కెల్ వ్యాట్‌ను 16 నుంచి 18 శాతానికి పెంచుతామని ఎన్నికలకు ముందే ప్రకటించారు. దేనికో కూడా చెప్పారు: నిరుద్యోగ బీమా చందా తగ్గించడానికి. ప్రత్యర్థి, అప్పటి ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) ష్రోడర్ పార్టీ దాన్ని "మెర్కెల్ పన్ను" అని ఊరూరా ప్రచారం చేసింది. ఆమె ఆర్థిక సలహాదారు, మాజీ న్యాయమూర్తి పాల్ కిర్చాఫ్ అందరికీ 25 శాతం ఒకే రేటు అంటే, అది పార్టీ ప్రణాళికలో లేకపోయినా ష్రోడర్ దాన్నే పట్టుకుని "హైడెల్‌బర్గ్ ప్రొఫెసర్" అంటూ దాడి చేశారు. మెర్కెల్‌కు ఉన్న పెద్ద ఆధిక్యం కరిగి, చివరికి ఇద్దరి మధ్య ఒక్క శాతం తేడా మిగిలింది. ఆ తర్వాత ఆ రెండు పార్టీలే కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేశాయి. 2007 జనవరి 1 నుంచి వ్యాట్ 19 శాతమైంది. ఒకరు రెండు పెంచుతామన్నారు, ఇంకొకరు అసలు వద్దన్నారు, కలిసి మూడు పెంచారు. అయినా నేను మెర్కెల్ జవాబునే సమర్థిస్తాను. ఎంత, ఎవరి దగ్గర, దేనికోసం అన్నవి చెప్పిన అభ్యర్థి ఆమె. దానికి మూల్యం చెల్లించి కూడా ఆమె ఛాన్సలర్ అయ్యారు.

మధ్యేవాదులు ఇదే ప్రశ్నను ఆయుధంగానూ వాడతారు. 2019 అక్టోబర్‌లో అమెరికాలోని ఒహాయోలో జరిగిన డెమోక్రాట్ అధ్యక్ష అభ్యర్థిత్వ చర్చలో, అందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా అన్న ఎలిజబెత్ వారెన్‌ను మధ్యతరగతి పన్ను పెరుగుతుందా అని అడిగారు. మొత్తం ఖర్చు తగ్గుతుందన్నారు గానీ పన్ను సంగతి చెప్పలేదు. అవునో కాదో చెప్పాల్సిన ప్రశ్నకు జవాబు రాలేదని మరో పోటీదారు, మధ్యేవాది పీట్ బుటిజజ్ పట్టుకున్నారు. ఆయన అడిగింది న్యాయమే. కానీ ప్రీమియం ఎంత తగ్గుతుంది, పన్ను ఎంత పెరుగుతుంది అన్న రెండు అంకెలు పక్కపక్కన పెడితే తప్ప ఇంటి యజమానికి ఏమీ తెలియదు. పన్ను పెరుగుతుందని అదే వేదిక మీద ఒప్పుకున్న బెర్నీ సాండర్స్ జవాబు ఆ విషయంలో మేలు.

ఇక మన సంగతి. మనకు ఇలాంటి వేదికే లేదు. టీవీల్లో అధికార ప్రతినిధులు అరుచుకుంటారు, ముఖ్యమంత్రి అభ్యర్థులు ఎదురెదురుగా నిలబడరు. పన్ను మాట వస్తే తగ్గింపు రూపంలోనే వస్తుంది. 2016 హైదరాబాద్ బల్దియా (నగరపాలక సంస్థ) ఎన్నికలకు ముందు 1,200 రూపాయల దాకా ఉన్న ఇంటి పన్ను 101 రూపాయలైంది. 2020 డిసెంబర్ ఎన్నికలకు ముందు, దీపావళి కానుకగా, 15,000 దాకా కట్టేవాళ్లకు సగం మాఫీ. పేద ఇంటికి ఊరట దొరికితే నాకు సంతోషమే. కానీ నాలాల పూడికతీతకు, రోడ్లకు బల్దియాకున్న సొంత రాబడిలో ముఖ్యమైనది ఈ ఇంటి పన్నే. ఆ సగం మాఫీ కూడా 2020 అక్టోబర్ వరదల్లో కాలనీలు మునిగిన నెల రోజులకే జరిగింది!

రాష్ట్రానికొస్తే, 2017 జులైలో జీఎస్టీ వచ్చాక ప్రభుత్వం సొంతంగా మార్చగలిగేవి కొన్నే మిగిలాయి, వాటిలో ముఖ్యమైనవి నాలుగు: మద్యం, పెట్రోలు డీజిల్ వ్యాట్, రిజిస్ట్రేషన్ ఛార్జీలు, వాహన పన్ను. జీఎస్టీ రేటు మార్చాలంటే కౌన్సిల్‌లో నాలుగింట మూడు వంతుల ఓటు విలువ కావాలి. అందులో మూడో వంతు కేంద్రానిదే. కాబట్టి మేనిఫెస్టోలో ఏ కొత్త పథకం కనిపించినా, దాని డబ్బు అప్పు నుంచి రావాలి, భూములమ్మి రావాలి, లేదా ఆ నాలుగింటి నుంచి రావాలి. 1990ల మొదట్లో మద్య నిషేధం కోసం ఆడవాళ్లు పోరాడారు, అది న్యాయమైన పోరాటం. పోయే ఆబ్కారీ రాబడి ఎక్కడ పూడ్చుకుంటారని 1994 ఎన్నికల్లో గట్టిగా అడిగి ఉంటే, 1997లో అంత తేలిగ్గా ఆ నిషేధాన్ని ఎత్తేసేవారు కాదేమో.

అందుకే మీ వార్డుకు ఓటడగడానికి వచ్చిన మనిషిని "పన్ను పెంచుతారా" అని అడక్కండి. ఆ ప్రశ్నకు అతను ఎప్పుడూ "లేదమ్మా" అనే అంటాడు. ఇంటి పన్ను సగం చేస్తామంటే, ఆ సగం ప్రభుత్వం బల్దియాకు చెల్లిస్తుందా, చెల్లించకపోతే మా వార్డులో ఏ పని ఆగుతుంది అని అడగండి. సంఘం మీటింగులో, పది మంది ముందు అడగండి. జవాబు మినిట్స్‌లో రాయించండి. ఇక మైకు మీకిస్తున్నాను, మొదట వెనక వరుసల వాళ్లు మాట్లాడండి.