ఉక్కపోత ఊళ్లలో మగవాళ్ల నగలు: రోజూ వేసుకోవడానికి ఏది నిలుస్తుంది?

అందరికీ నమస్కారం అండి. కాకినాడ, విశాఖ, బందరు, నెల్లూరు, ఇలా సముద్రం గాలి తగిలే ఊళ్లలో ఉండేవాళ్ల కోసం చేస్తున్న వీడియో ఇది. చెన్నైలోనో ముంబైలోనో సింగపూర్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న మనవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. పొద్దున స్నానం చేసి బయటికి వస్తే పది నిమిషాల్లో బనియన్ తడిసిపోయే చోట, మెడలో గొలుసు, చేతికి కడియం, వేలికి ఉంగరం రోజూ ఉంచుకోవాలంటే ఏం కొనాలి, ఎలా వాడాలి అన్నదే విషయం.

తీర్పు ముందే చెప్పేస్తాను. చివరిదాకా కూర్చోబెట్టి చెప్పడం నాకు నచ్చదు. ఉక్కపోత ఊళ్లో రోజూ ఒంటి మీద ఉండే నగకి పూత ఉండకూడదు. సన్నదైనా ఫర్వాలేదు, తేలికదైనా ఫర్వాలేదు, పైనుంచి లోపలిదాకా ఒకటే లోహం అయి ఉండాలి. ఎందుకో చూపిస్తాను.

ఇదిగో, ఇది వన్ గ్రామ్ గోల్డ్ గొలుసు, అంటే పైన బంగారు పూత వేసినది. కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను చూడండి. ముందు వైపు, అంటే ఛాతీ మీద పడే భాగం, ఇప్పటికీ బంగారు రంగులో మెరుస్తోంది. ఇప్పుడు వెనక్కి తిప్పుతున్నాను. షర్టు కాలర్ రాసుకునే చోట లింకుకీ లింకుకీ మధ్య ఎర్రగా కనిపిస్తోంది కదా, అది లోపలి రాగి. ఇంకొంచెం దగ్గరగా, హుక్కు పక్కన చూడండి. ఆకుపచ్చగా పొడి పొడిగా ఉన్నది చిలుము. చెమటలో ఉప్పు ఉంటుంది, కొంచెం ఆమ్లగుణం కూడా ఉంటుంది. పూత అరిగిన చోట అది నేరుగా రాగిని తాకుతుంది. అక్కడితో ఆ గొలుసు పని అయిపోయినట్టే.

పూత మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్. మన తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది. చవక గొలుసుల మీద బంగారం ఒక మైక్రాన్ కూడా ఉండదండి. కాలర్ రాపిడికి, రోజుకి రెండు స్నానాలకి, సబ్బుకి, చెమటకి అది ఎన్నాళ్లని ఆగుతుంది?

ఈ మాట అన్నానని బందరు వాళ్లు నొచ్చుకోకండి. చిలకలపూడి గిల్టు నగలంటే దేశమంతా పేరుంది, ఆ పనితనం మీద నాకు చాలా గౌరవం. పెళ్లికో నాట్యానికో పెట్టెలోంచి తీసి వేసుకుని, అయ్యాక తుడిచి మళ్లీ పెట్టెలో పెట్టే నగలవి. అలా వాడితే ఏళ్ల తరబడి ఉంటాయి. ఒంటి మీద ఉంచుకుని నిద్రపోయి, స్నానం చేసి, బండి తోలడానికి చేసినవి కావు.

ఇక వెండి. నా ఓటు దీనికే ఎక్కువ. మగపిల్లలకి మొదటి గొలుసు ఏది కొనాలని ఎవరు అడిగినా వెండే చెబుతాను. దీన్ని 925 అంటారు, అంటే వందకి 92.5 పాళ్లు వెండి. మిగతాది ఎక్కువగా రాగి, గట్టిదనం కోసం కలుపుతారు. అందరూ అడిగేది ఒకటే, నల్లబడుతుంది కదా అని. నల్లబడుతుంది. కానీ అది తుప్పు కాదు, వెండి నకిలీ అన్నదానికి గుర్తూ కాదు. గాలిలో, చెమటలో ఉండే గంధకం సమ్మేళనాలతో వెండి కలిసి పైన సిల్వర్ సల్ఫైడ్ అనే నల్లటి పొర కడుతుంది. గాలిలో తేమ ఉంటే ఆ పని తొందరగా జరుగుతుంది. లోపలి వెండికి ఏమీ కాదు.

చిత్రం ఏమిటంటే, రోజూ వేసుకునే వెండి కంటే బీరువాలో పడేసిన వెండే ఎక్కువ నల్లబడుతుంది. ఒంటికి, బట్టకి రాసుకుంటూ ఉంటే ఆ పొర ఎప్పటికప్పుడు పోతుంది. కాబట్టి వెండి గొలుసుని దాచుకోకండి, వేసుకోండి. దాచాల్సి వస్తే బాగా తుడిచి, ఆరబెట్టి, గాలి చొరబడని జిప్ కవర్లో పెట్టండి. రబ్బరు బ్యాండు మాత్రం చుట్టకండి, రబ్బరులో గంధకం ఉంటుంది.

శుభ్రం చేయడానికి మన ఇళ్లలో విభూతితో తోముతారు, మంచి పద్ధతే. మెత్తటి గుడ్డకి అద్ది రుద్దండి. టూత్‌పేస్ట్ వద్దు, గీతలు పడతాయి. బాగా నల్లబడిపోతే ఒక గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వంట సోడా వేసి, వేడి నీళ్లు పోసి గొలుసుని ఫాయిల్‌కి తగిలేలా ఉంచండి. వెండిని పట్టుకున్న గంధకం అల్యూమినియం వైపు పోతుంది, వెండి వెండిగా తేరుకుంటుంది. అరగదీసే పనే లేదు. కానీ ఆక్సిడైజ్డ్ డిజైన్, అంటే కావాలని నలుపు ఎక్కించిన కడియాలకి ఇది చేయకండి, ఆ నలుపు కూడా పోతుంది. రాళ్లు పొదిగినవాటికీ వద్దు.

వెండి గొలుసు కొనేటప్పుడు ఎవరూ చూడనిది ఒకటుంది, అది హుక్కు. ఇది చూడండి. ఇలా నొక్కితే తెరుచుకునే హుక్కు లోపల సన్నటి స్ప్రింగు ఉంటుంది. గొలుసు వెండిదైనా చాలావాటిలో ఆ స్ప్రింగు ఉక్కుది. ఉప్పు గాలికి, చెమటకి అది తుప్పు పట్టి ఒకరోజు బిగుసుకుపోతుంది, లేదా తెరుచుకుని అలాగే ఉండిపోతుంది, గొలుసు ఎక్కడో జారిపోతుంది. స్ప్రింగు లేని ఎస్ హుక్కు, కాస్త మందంగా ఉన్నది వేయించుకోండి. కంసాలి దగ్గరికి వెళితే పాత గొలుసుకి కూడా మార్చి ఇస్తారు.

గొలుసు అల్లిక సంగతి కూడా. రోప్ చైన్ చూడటానికి చాలా బాగుంటుంది, కాదనను. కానీ ఆ మెలికల మధ్య సబ్బు, పౌడరు, చెమట మట్టి చేరితే తీయడం కష్టం, ఛాతీ మీద వెంట్రుకలు పట్టి లాగుతుంది కూడా. ఉక్కపోతలో విడివిడిగా ఉండే లింకులే సుఖం. సాదా కర్బ్ చైన్, అంటే చదునైన లింకులది, రెండున్నర, మూడు మిల్లీమీటర్ల వెడల్పుతో తీసుకోండి. నీళ్లు పోస్తే మురికి పోతుంది, తుడిస్తే ఆరుతుంది.

బంగారం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, చెమటకి బంగారం లొంగదు. 22 క్యారెట్ అంటే 91.6 పాళ్లు, 18 క్యారెట్ అంటే 75 పాళ్లు. 22 మెత్తన. రోజూ వేసుకునే సన్న గొలుసు లింకులు ఒకదానికొకటి రాసుకుని అరుగుతాయి. ఉంగరం అయితే 18 గట్టిగా నిలుస్తుంది, నేనైతే అదే అంటాను. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరనుకోండి, అది వేరే చర్చ. ఒక్క హెచ్చరిక మాత్రం ఉంది. రెండు కాసులతో లావుపాటి గొలుసు వస్తుందంటే సంబరపడకండి. కాసు 8 గ్రాములు, రెండు కాసులంటే 16 గ్రాములే. అంత తక్కువ బరువులో అంత లావు కనిపిస్తోందంటే లోపల బోలు. సొట్ట పడితే మళ్లీ సరిగా రాదు, చిల్లు పడితే చెమట లోపలికి చేరుతుంది. అదే బరువులో సన్నటి నిండు గొలుసు తీసుకోండి. తరుగు, మజూరీ ఎంతో విడివిడిగా రాయించుకోండి.

హాల్‌మార్క్, అంటే స్వచ్ఛత ముద్ర, తప్పకుండా చూడాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద హెచ్‌యూఐడీ ఉండాలి, అంటే అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం ఆరు ఉండే ఆ నగ గుర్తింపు నంబరు. దాంతో పాటు బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ గుర్తు, స్వచ్ఛత అంకె ఉంటాయి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ ఆరూ కొడితే నగ వివరాలు వస్తాయి. దుకాణంలోనే, డబ్బు కట్టకముందే కొట్టి చూడండి. వాళ్లేమీ అనుకోరు, అనుకుంటే బయటికి వచ్చేయండి. వెండికి కూడా 2025 సెప్టెంబర్ నుంచి హెచ్‌యూఐడీ వచ్చింది, కానీ తప్పనిసరి చేయలేదు, కాబట్టి అడిగి తీసుకోవాలి.

స్టీలు. కాలేజీ పిల్లలకి, చేతిలో పెద్దగా డబ్బు లేనివాళ్లకి ఇది చాలా మంచి ఎంపిక, చిన్నచూపు అక్కర్లేదు. అడగాల్సిన గ్రేడు 316ఎల్. ఇందులో మాలిబ్డినం అనే లోహం రెండు, మూడు శాతం ఉంటుంది. ఉప్పు నీళ్లకి స్టీలు మీద పడే సన్నటి గుంటల్ని అదే ఆపుతుంది. మంచి వాచీల కేసులకి వాడేది కూడా ఇదే రకం. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుందని చాలా వీడియోల్లో చెబుతున్నారు. తెలియదండి. మాంగనీసు ఎక్కువగా ఉండే 200 సిరీస్ చవక స్టీలు కూడా అయస్కాంతానికి అంటుకోదు. గ్రేడు రాసి ఇచ్చే చోట కొనడమే మార్గం. నల్ల స్టీలు, బంగారు రంగు స్టీలు వద్దు, అవి మళ్లీ పూతే. పీవీడీ పూత, అంటే లోహాన్ని ఆవిరిగా చేసి ఎక్కించేది, మామూలు పూత కంటే గట్టిదే, కానీ గీత పడిన చోట కింది తెలుపు బయటపడుతుంది.

స్టీలులో నికెల్ ఉంటుంది. 316ఎల్‌లో అది బాగా బిగిసి ఉంటుంది కాబట్టి ఎక్కువ మందికి ఇబ్బంది ఉండదు. కానీ బెల్టు బకిల్ తగిలిన చోట, వాచీ వెనక తగిలిన చోట దద్దుర్లు వచ్చేవాళ్లు టైటానియం చూడండి. ఈ ఉంగరం టైటానియందే. స్టీలు బరువులో సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. వేలికి ఉన్నట్టే తెలియదు. కొలత మాత్రం మొదటే సరిగ్గా ఉండాలి, తర్వాత పెంచడం దాదాపు కుదరదు.

రాగి కడియం వేసుకుంటే చెయ్యి ఆకుపచ్చగా అవుతుంది. అది రాగి లవణం, సబ్బుతో పోతుంది, భయపడకండి. చింతపండుతో తోమితే కడియం మళ్లీ మెరుస్తుంది. పంచలోహం పేరుతో అమ్మేవాటిలో ఏది ఎంత ఉందో కంటితో చెప్పలేం, నమ్మకమైన చోట చేయించుకుంటే తప్ప నేను సిఫారసు చేయను.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, మీ చర్మం. నగ పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఉంగరం కింద చర్మం తెల్లగా నాని, ఎర్రబడి, దురద పెడుతోందంటే చాలాసార్లు లోహం తప్పు కాదు. సబ్బు, తేమ అక్కడ ఆరకుండా ఉండిపోవడమే కారణం. చెయ్యి కడిగిన ప్రతిసారీ ఉంగరం పైకి జరిపి కింద తుడుచుకోండి. రాత్రి తీసేయండి. వెడల్పు ఉంగరం కంటే సన్నది, లోపలి వైపు కాస్త గుండ్రంగా ఉన్నది ఈ వాతావరణానికి నయం.

మొలతాడు సంగతి ఎవరూ మాట్లాడరు, నేను చెబుతాను. నడుము దగ్గర, గజ్జల్లో తామర ఉంటే, తడిసి ఆరని దారం అక్కడ ఉంచుకోకండి. మందు వాడుతున్నన్నాళ్లు తీసి పక్కన పెట్టండి. తర్వాత వెండిది వదులుగా వేసుకోండి, దారమే కావాలంటే తరచుగా మార్చండి. చేతికి కట్టుకునే కాశీ దారానికీ ఇదే మాట. గుడిలో కట్టించుకున్నది తీయకూడదని నెలల తరబడి తడి దారం ఉంచుకుంటారు. అది మాసిపోతే చెట్టు మొదట్లో పెట్టి కొత్తది కట్టుకోండి, భక్తికి ఏ లోటూ రాదు. రుద్రాక్ష మాల తడిస్తే నీడలో పూర్తిగా ఆరనివ్వండి, లేకపోతే దారానికి బూజు పడుతుంది. తోలు బ్రేస్‌లెట్ మన వాతావరణానికి పనికిరాదు, వాసన పట్టేస్తుంది.

రాళ్ల ఉంగరాలు చేయించుకునేవాళ్లకి ఒక మాట. చంద్రుడికి ముత్యం, కుజుడికి పగడం అని పెట్టుకుంటారు. రెండూ కాల్షియం కార్బొనేటే. చెమటలోని ఆమ్లానికి, సెంటుకి, వంటింట్లో నిమ్మరసానికి మెరుపు తగ్గిపోతాయి. కెంపు, నీలం లాంటివి చాలా గట్టివి, వాటికి ఆ బాధ లేదు. ముత్యం, పగడం ఉంటే సాయంత్రం తీసి తడిగుడ్డతో తుడిచి, ఆరాక పెట్టుకోండి.

కొలత ఇచ్చేటప్పుడు ఏసీ దుకాణంలో చల్లబడ్డ వేలు కొలిపించకండి. ఎండకి, ఉక్కకి వేళ్లు ఉబ్బుతాయి, అప్పుడు ఉంగరం బిగుసుకుంటుంది. బయట కాసేపు తిరిగి, వేలు మామూలుగా వేడెక్కాక కొలత ఇవ్వండి. చల్లటి నీళ్లలో దీనికి ఎదురు జరుగుతుంది, వేలు సన్నబడుతుంది. సముద్ర స్నానానికి, నదీ స్నానానికి వెళ్లేటప్పుడు ఉంగరం ఇంట్లో పెట్టి వెళ్లండి. 2015 తర్వాత గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో వస్తున్నాయి. ఆ రద్దీలో, ఆ నీళ్లలో వేలి నుంచి జారిన ఉంగరం దొరకదు. మెషిన్ల దగ్గర, కరెంటు పనుల్లో ఉండేవాళ్లు అయితే డ్యూటీలో ఉంగరం, కడియం అసలు వద్దు.

నవరత్నాల ఉంగరం వెనక భాగంలో చేరిన మట్టి రాళ్లు కదలకుండా ఎలా తీయాలో చూపించమని చాలామంది అడిగారు. దాన్ని కంసాలి గారి దగ్గరే కూర్చుని తీయాలి, వచ్చే వీడియో అదే. మీ ఉంగరం ఫోటో, ఏ రాళ్లు, వెనక తెరిచి ఉందా మూసి ఉందా రాసి పంపండి. మూసి ఉన్నవాటికి పద్ధతి వేరు, అవి ఎక్కువ వస్తే వాటితోనే మొదలుపెడతాను.