బీపీకీ మతిమరుపుకీ ఉన్న చుట్టరికం

(శ్రీకాకుళంలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. నేను డాక్టర్ని కాను, కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మాస్టారిని. మందుల చీటీలు తీసి నాకు చూపించకండి.

పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం మనందరికీ ఉన్నదే. రోజూ తిరిగే సందులో ఇంటిదారి తప్పడం మాత్రం వేరే సంగతి. మనం రెండింటినీ "పెద్దోలైపోనారు కదేటి" అని ఒకే గాటన కట్టేస్తాం.

ఆ రెండో రకం మతిమరుపు తెచ్చే జబ్బుల్లో ముఖ్యమైనది అల్జీమర్స్, ఆ పేరు ఒక డాక్టరు పేరు మీద వచ్చింది. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్, ఆ జబ్బుతో ఉన్న ఆగస్టె డేటర్ అనే రోగి చనిపోయాక ఆమె మెదడును మైక్రోస్కోపు కింద పరీక్షించారు. నరకణాల మధ్య ఏదో పదార్థం పేరుకుని ఉంది. కణాల లోపల పోగులు చిక్కుపడి ఉన్నాయి. మొదటిది అమిలాయిడ్ బీటా, రెండోది టౌ అనే ప్రోటీన్లని చాలా ఏళ్లకు తేలింది. గత కొన్ని దశాబ్దాల పరిశోధనలో పెద్దభాగం వీటి వెంటే నడిచింది. 1907లో అచ్చయిన ఆయన వ్యాసంలో మరో వాక్యం కూడా ఉంది: ఆమె మెదడులోని పెద్ద రక్తనాళాలు గట్టిపడి ఉన్నాయని. నాకు ఆసక్తి ఆ వాక్యం మీదే.

మన బరువులో మెదడు వాటా 2 శాతం. వాడుకునే ఆక్సిజన్ మాత్రం దాదాపు 20 శాతం. దాచుకునే వీలు లేదు, ఎప్పటికప్పుడు రక్తం అందాల్సిందే. వెంట్రుకకన్నా సన్నని కేశనాళికలను పెరిసైట్లనే కణాలు చుట్టుకుని ఉంటాయి. అమిలాయిడ్ తగిలితే ఇవి బిగుసుకుని నాళాన్ని నొక్కేస్తున్నాయని 2019లో లండన్ పరిశోధకులు చూపించారు. వంశధార కాలువ శివారు రైతుకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. తల దగ్గర నీళ్లు నిండుగా ఉన్నా ఆయన మడికి రావు. మెదడులోనూ పెద్ద ధమని బాగానే ఉండి, చివరి కణం ఎండిపోవచ్చు.

ఇంకో చిక్కుంది. అమిలాయిడ్ ఆరోగ్యవంతుల మెదడులోనూ తయారవుతుంది. దాన్ని బయటికి పంపే దారుల్లో ముఖ్యమైనది రక్తనాళం గోడే. గోడ చెడితే అమిలాయిడ్ మిగిలిపోతుంది, ఆ గోడలోనే పేరుకుంటుంది, నాళం ఇంకా చెడుతుంది. ఏది ముందు, ఏది వెనక అన్నదాని మీద శాస్త్రవేత్తల్లో వాదన తెగలేదు. అయితే అల్జీమర్స్ ముప్పు పెంచే ఏపీఓఈ4 జన్యువు ఉన్నవాళ్లలో, మతిమరుపు మొదలవకముందే జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో నాళాలు లీకవుతున్నాయని 2020లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అది అమిలాయిడ్, టౌలతో సంబంధం లేకుండానే కనిపించింది.

అమిలాయిడ్‌ని తొలగించే లెకానెమాబ్ లాంటి కొత్త మందులతో కొందరికి మెదడు వాపు, చిన్నచిన్న రక్తస్రావాలు వస్తున్నాయి. ఏపీఓఈ4 రెండు కాపీలు ఉన్నవాళ్లకు ఆ ముప్పు మరీ ఎక్కువ. నాళాల సంగతి చూడకుండా ప్రోటీన్ ఒక్కదాన్నే ఊడ్చేద్దామంటే కుదరదన్నమాట.

అమెరికాలో తమ మెదళ్లను పరిశోధనకు దానం చేసిన క్రైస్తవ సన్యాసినుల మీద 1997లో ఒక ఫలితం వచ్చింది. మెదడులో అల్జీమర్స్ మార్పులు ఉన్నవారిలో, వాటికి తోడు చిన్న స్ట్రోకులు కూడా వచ్చినవాళ్లకే డిమెన్షియా, అంటే రోజువారీ పనులు కూడా చేసుకోలేనంత మతిమరుపు, చాలా ఎక్కువగా కనిపించింది.

ఇక బీపీ. ఈ నాళాలను దెబ్బతీసేవాటిలో అదీ ముఖ్యమైనదే. 9 వేలమందికి పైగా పాల్గొన్న స్ప్రింట్ అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. పై బీపీని 120 లోపు ఉంచాలని చికిత్స చేసినవాళ్లలో, 140 లోపు చాలనుకున్నవాళ్లకంటే, డిమెన్షియాకి ముందు దశ 19 శాతం తక్కువగా వచ్చింది. పూర్తి డిమెన్షియా తగ్గిందని మాత్రం గట్టిగా తేలలేదు. పైగా సుగరున్నవాళ్లను అందులో చేర్చుకోలేదు. కాబట్టి 120 అన్న అంకె పట్టుకుని ఎవరూ సొంతంగా మాత్రలు పెంచేయకండి. ఉద్దానం నుంచి వచ్చిన కిడ్నీ రోగులు మరీ జాగ్రత్త, డాక్టర్ని అడగందే ఏదీ మార్చొద్దు.

మనవాళ్లకి ఇంకో అలవాటుంది. బీపీ నార్మల్ అని మిషన్ చూపించగానే మాత్ర ఆపేస్తారు. పక్కన ఎండుచేప, ఆవకాయ మామూలే! మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే ఆ అంకె అలా ఉంది.

టీ వచ్చేలోపు ప్రశ్నలుంటే అడగండి.