వాగులు కాదన్నా, తూములు లెక్కపెట్టుండ్రి: లైవ్‌కు, పాడ్‌కాస్ట్‌కు స్విచర్ ఎట్ల కొనాలె

(టేబుల్ మీద స్విచర్. బటన్లు కాదు, వెనక పోర్టులు కనపడేటట్టు తిప్పి పెట్టాలె.)

నమస్తే. స్విచర్ అంటే చానా కెమెరాల బొమ్మల నుంచి మనం ఎంచుకున్నదాన్ని బయటికి పంపే డబ్బా. దాన్ని కొనేటోళ్లు అడిగే మొదటి మాట ఒక్కటే: "అన్నా, దీనికి ఎన్ని కెమెరాలు పెట్టొచ్చు?" నాలుగు అంటే, "ఎనిమిదిది లేదా?" మిర్యాలగూడల అడిగినా అదే, పాలమూరుల అడిగినా అదే. ఔట్‌పుట్‌లు ఎన్ని అని అడిగినోడు కనపడడు. అందుకే డబ్బాను ఇట్ల వెనకకు తిప్పి పెట్టిన.

నల్లగొండ పక్కన పానగల్ ఉదయసముద్రం చెరువు కట్ట మీద నిలవడి చూడుండ్రి. నీళ్లు ఎన్ని దిక్కుల నుంచి వచ్చినా, పొలానికి పారేది తూము నుంచే. స్విచర్ గూడ చెరువే. కెమెరా వైర్లు గుచ్చే హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌లు వాగులు, ఔట్‌పుట్‌లు తూములు. బటన్ల మీద చెయ్యి పెట్టుకొని కూసున్నోడు, తూములు తెరిచి మూసే నీరటికాడు.

(స్క్రీన్ మీద: పెండ్లి లైవ్, కెమెరాలు 3, బయటికి పోవాల్సినవి 4)

ఒక పెండ్లి లెక్క తీద్దాం. మండపం ముంగట ఒక కెమెరా, పక్కపొంటి ఒకటి, క్రేన్ మీద ఒకటి. మూడు వాగులు. మరి బయటికి? ఎల్ఈడీ వాల్‌కు ప్రోగ్రామ్, అంటే ఎంచుకున్న బొమ్మ, పోవాలె. మిక్సింగ్ చేసేటోనికి అన్ని కెమెరాలు ఒక్కతాన కనపడే మల్టీవ్యూ కావాలె. యూట్యూబ్‌కు పోవాలె. రికార్డు కావాలె. నాలుగు తూములు.

చానామంది దగ్గర ఉన్నది బ్లాక్‌మ్యాజిక్ ఏటెమ్ మినీ కాబట్టి దాన్నే తీసుకుందాం. 2019ల వచ్చిన మామూలు మినీకి నాలుగు హెచ్‌డీఎంఐ ఇన్‌లు, ఒక హెచ్‌డీఎంఐ ఔట్, ఒక యూఎస్‌బీ-సి. మల్టీవ్యూ లేదు, డిస్క్ రికార్డింగ్ లేదు, నేరుగా యూట్యూబ్‌కు పంపుడు లేదు. ల్యాప్‌టాప్‌కు వెబ్‌క్యామ్ లెక్క కనపడ్తది, అంతే. 2020ల మినీ ప్రో వచ్చింది, ఆ మూడూ దాంట్ల ఉన్నయి. కానీ హెచ్‌డీఎంఐ ఔట్ మళ్లీ ఒక్కటే! దాంట్ల మల్టీవ్యూ చూసుకుంటవా, ఎల్ఈడీ వాల్‌కు ప్రోగ్రామ్ ఇస్తవా?

"స్ప్లిటర్ ఏస్త" అంటరు. స్ప్లిటర్ రెండు దిక్కులా ఒకటే బొమ్మ ఇస్తది. ఒకే తూము కింద కాలువను చీల్చినట్టు, నీళ్లు అవే. నీకు మల్టీవ్యూ కావాలంటే వాల్ మీద గూడ మల్టీవ్యూనే పడ్తది. చుట్టాలందరు నాలుగు డబ్బాల బొమ్మ చూసుకుంట అన్నం తింటరు.

యూఎస్‌బీ తూము గూడ అంతే. మినీ ప్రోకు ఒక్కటే ఉంది. దానికి రికార్డింగ్ కోసం ఎస్ఎస్‌డీ డిస్క్ తగిలిస్తే ల్యాప్‌టాప్‌ల జూమ్‌కు పోవాల్సిన ఫీడ్‌కు జాగ లేదు. 2021ల వచ్చిన మినీ ఎక్స్‌ట్రీమ్‌కు హెచ్‌డీఎంఐ ఔట్‌లు రెండు, యూఎస్‌బీ-సిలు రెండు. ఇన్‌లు ఎనిమిది. ఆ ఎనిమిదిని చూసి కొనకుండ్రి, రెండో తూమును చూసి కొనుండ్రి. మూడు కెమెరాల పెండ్లికి గూడ అదే పనికొస్తది.

ఇగ ఆడియో. పాడ్‌కాస్ట్ చేసేటోళ్లు జర ఇక్కడ ఆగుండ్రి. ఆల్ ఇన్ వన్ అంటే అన్నీ ఉన్నయనుకుంటరు. ఏటెమ్ మినీకి మైకుల మూడు పిన్నుల సాకెట్ ఎక్స్‌ఎల్‌ఆర్ లేదు, మైకుకు కరెంటు ఇచ్చే ఫాంటమ్ పవర్ లేదు, ఉన్నవి 3.5 ఎంఎం రంధ్రాలు రెండు. దాంతోని జరిగే గోస ఏందో చూడుండ్రి.

(క్లోజప్: ఒక కొసకు ఎక్స్‌ఎల్‌ఆర్, ఇంకో కొసకు 3.5 పిన్ ఉన్న కేబుల్)

సౌండాయన మిక్సర్ నుంచి ఈ కేబుల్ తీసుకొచ్చి స్విచర్ల గుచ్చుతరు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మాట వినపడ్తది. ఫోన్ స్పీకర్ల లైవ్ చూసేటోనికి పంతులు గొంతు మాయం, కెమెరా మైకుల పడ్డ హాల్ గోల మాత్రం మిగుల్తది. ఎందుకు? ఎక్స్‌ఎల్‌ఆర్‌ల 2వ పిన్ సిగ్నల్‌ను సక్కగ తెస్తది, 3వ పిన్ అదే సిగ్నల్‌ను తిరగేసి తెస్తది. ఈ కేబుల్ల 2వది ఎడమ చానల్‌కు, 3వది కుడి చానల్‌కు పోయినయి. ఒకే స్పీకర్ ఉన్న ఫోన్ ఆ రెండిటిని కలుపుతది. ప్లస్సు, మైనస్సు కలిస్తే సున్నా.

మందు ఏందంటే, 2వ పిన్ వైరును 3.5 పిన్ కొనకు (టిప్), నడిమి పట్టీకి (రింగ్) రెండిటికి అతకాలె. 1వ పిన్‌ను మొదలుకు (స్లీవ్). 3వ దాన్ని వదిలెయ్యాలె. సాఫ్ట్‌వేర్ల ఆ ఇన్‌పుట్‌ను మైక్ నుంచి లైన్‌కు మార్చాలె, లేకుంటే గొంతు పగుల్తది. మార్చినంక హెడ్‌ఫోన్ల కాదు, ఫోన్ స్పీకర్ల విని చూడుండ్రి.

ఇద్దరు కూసొని మాట్లాడే పాడ్‌కాస్ట్ అయితే రోడ్‌క్యాస్టర్ వీడియో లాంటిది సూటిగ పనికొస్తది. హెచ్‌డీఎంఐ ఇన్‌లు నాలుగు, మైకులకు రెండు కాంబో సాకెట్లు. ఎవరు మాట్లాడితే వాళ్ల కెమెరాకు అదే మారుతది, అంటే నీరటికాడు లేకున్నా తూము తెరుచుకుంటది. కానీ మైకులు దగ్గర దగ్గర పెట్టి ఒకరి గొంతు ఇంకొకరి మైకుల పడితే, బొమ్మ పిచ్చిపట్టినట్టు అటూ ఇటూ దుంకుతది. మైకు మూతికి జానెడు దూరం దాటొద్దు.

ఇంకోటి. మైకు మాట స్విచర్‌కు ముందుగల్ల చేరుతది, కెమెరా బొమ్మ రెండు మూడు ఫ్రేములు ఎనక వస్తది. 25 ఫ్రేముల వీడియోల ఒక ఫ్రేము అంటే 40 మిల్లీసెకండ్లు. కెమెరా ముందట చప్పట్లు కొట్టి రికార్డు చేసి, చేతులు కలిసే ఫ్రేముకు సప్పుడు కలిసేదాక ఆడియో డిలే పెంచాలె. ఏటెమ్‌ల మైకు ఇన్‌పుట్‌కు ఎనిమిది ఫ్రేముల దాక ఉంది.

టైమ్ అయిపోతున్నది, మిగిలినవి జల్ది జల్ది చెప్త.

4కె: ఈ మినీలన్నీ 1080 వరకే. కెమెరా 4కె పంపితే నల్లగ ఉంటది, స్విచర్ పాడైందనుకోకుండ్రి. కెమెరా హెచ్‌డీఎంఐ సెట్టింగ్ 1080కి మార్చుండ్రి, బొమ్మ మీద పడే గీతలు, నంబర్లు గూడ తీసెయ్యుండ్రి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి లైట్లు మినుకుమినుకు మనకుండ ఫ్రేములు 25 గానీ 50 గానీ పెట్టుకోవాలె, షట్టర్ 1/50. ఏటెమ్‌ను ఆటోల వదిలితే మొదలు గుచ్చిన కెమెరా ఫార్మాట్ పట్టుకుంటది. చేతితోనే పెట్టుండ్రి.

కేబుల్: మామూలు హెచ్‌డీఎంఐ పది మీటర్లు దాటితే నమ్మొద్దు, ఎక్కువ దూరం మోసే ఎస్‌డీఐ కేబుల్‌కు కన్వర్టర్లు ఏసుకోవాలె. సెట్‌టాప్ బాక్స్ గుచ్చితే హెచ్‌డీసీపీ అనే కాపీ లాక్ వల్ల బొమ్మ రాదు.

ఐఎస్ఓ రికార్డింగ్ అంటే ఒక్కో వాగు నీళ్లు ఒక్కో తొట్టిల పట్టుడు. నాలుగు కెమెరాలు, ఒక ప్రోగ్రామ్ కలిపి ఐదు ఫైళ్లు, ఒక్కోటి 50 ఎంబీపీఎస్ అనుకుంటే మొత్తం 250. సెకండుకు 31 ఎంబీ, గంటకు 112 జీబీ. పెన్‌డ్రైవ్ ఆగదు, గండి పడ్తది. ఎస్ఎస్‌డీ, ఎక్స్‌ఫ్యాట్‌ల ఫార్మాట్ చేసినది.

ఊరు బయట లైవ్‌లకు యోలోబాక్స్ ప్రో లాంటిది నయం: తెర, బ్యాటరీ, సిమ్ జాగ అన్నీ దాంట్లనే, హెచ్‌డీఎంఐ ఇన్‌లు మూడు. కానీ చెర్వుగట్టు జాతరల ఆ ఒక్క సిమ్ మీద ఉండకుండ్రి, జనమంతా అదే టవర్ మీద ఉంటరు. ఆరు ఎంబీపీఎస్ పంపాలంటే అప్‌లోడ్ పన్నెండు చూపియ్యాలె, అది గూడ జనం వచ్చినంక కొలిచినప్పుడు.

ఏటెమ్‌ల బ్యాటరీ ఉండదు. హాల్ల కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపల స్విచర్ ఆగుతది, నడుస్తున్న రికార్డింగ్ ఫైల్ గూడ పాడు కావొచ్చు. 600 వీఏ కంప్యూటర్ యూపీఎస్ సాలు. రూటర్ ప్లగ్గు గూడ అండ్లనే పెట్టుండ్రి.