కొరియాలో కల్చర్ క్లాస్ అంటే ఏంటి? కిమ్చీ కలుపుతూ నేర్చుకున్న కొరియన్

[క్లిప్: గులాబీ రంగు రబ్బరు గ్లోవ్స్, పెద్ద బేసిన్, ఉప్పులో ఊరిన క్యాబేజీ]

హాయ్ అండి, అందరూ ఎలా ఉన్నారు. మొన్న కల్చర్ క్లాస్‌లో హాన్‌బోక్, అంటే కొరియా వాళ్ల సంప్రదాయ బట్టలు, వేసుకుని ఒక ఫొటో పెట్టా, అంతే, చదవడానికి వెళ్లావా తిరగడానికి వెళ్లావా అని ఒకటే మెసేజ్‌లు, మా పెద్దమ్మ అయితే ఏకంగా ఫోనే చేసింది. అందుకే ఈ కల్చర్ క్లాసుల్లో అసలు ఏం చేయిస్తారు, వాటితో భాష వస్తుందా రాదా అనేది ఈ వీడియోలో చెప్తా.

ముందు సిస్టమ్ త్వరగా చెప్పేస్తా. ఇక్కడ యూనివర్సిటీల్లోనే కొరియన్ నేర్పే సెంటర్లు ఉంటాయి, ఓహాక్‌దాంగ్ అంటారు, యోన్సే యూనివర్సిటీది 1959లోనే మొదలైంది. ఎక్కువ చోట్ల 6 లెవెల్స్, ఒక్కో లెవెల్ 10 వారాలు, రోజుకి 4 గంటలు వారానికి 5 రోజులు, అంటే లెవెల్‌కి 200 గంటలు. నాలాగ భాష కోసమే వచ్చేవాళ్లకి డీ-4 వీసా. జీకేఎస్ అనే కొరియా ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో డిగ్రీకి వచ్చేవాళ్లు కూడా మామూలుగా ముందు ఏడాది భాషే చదవాలి, టోపిక్ అనే కొరియన్ భాష పరీక్షలో 3వ లెవెల్ కొట్టాలి. ఈ రుబ్బుడు మధ్యలో వచ్చేవే కల్చర్ క్లాసులు.

హాన్‌బోక్ సంగతి పెద్దగా ఏం లేదు. సియోల్‌లో 1395లో కట్టిన క్యాంగ్‌బోక్‌గుంగ్ ప్యాలెస్ ఉంది, టికెట్ 3000 వోన్‌లు (ఇక్కడి డబ్బు), హాన్‌బోక్ వేసుకెళ్తే ఫ్రీ, అందుకే అక్కడ సగం మంది అవే బట్టల్లో కనిపిస్తారు. ఆ రోజు నేను మాట్లాడిన కొరియన్ మొత్తం "ఒక ఫొటో తీస్తారా", అంతే.

[క్లిప్: ఆకు విప్పి కారం ముద్ద రాస్తున్న చెయ్యి]

అసలు క్లాస్ ఇది, కిమ్చీ క్లాస్. నవంబర్ చివర్లో చలి ముదిరే ముందు చలికాలానికి సరిపడా కిమ్చీ పెట్టుకుంటారు, దాన్ని కిమ్జాంగ్ అంటారు, 2013లో యునెస్కో లిస్టులో కూడా చేరింది. మనం ఎండాకాలంలో ఆవకాయ పెట్టినట్టే, ఇరుగుపొరుగు అందరూ కూర్చుని ముచ్చట్లాడుకుంటూ చేసే పని. క్యాబేజీ మన గుండ్రటిది కాదు, పొడుగ్గా ఉంటుంది, రాత్రంతా ఉప్పులో ఊరేసి కడిగి ఉంచుతారు. ముల్లంగి, వెల్లుల్లి, అల్లం, మిరపపొడి, ఉప్పులో ఊరేసిన చిన్న రొయ్యలు, ఇవన్నీ కలిపిన ముద్దని ఒక్కో ఆకు ఎత్తి మొదట్లోంచి రాసుకుంటూ రావాలి. వెజిటేరియన్స్ ఆ రొయ్యల మాట గుర్తుపెట్టుకోండి, కిమ్చీ అంటే కూరగాయే కదా అని తినేయకండి. రంగు చూస్తే మన కారంలా భయపెడుతుంది గానీ అంత మంట ఉండదు.

మా టేబుల్ దగ్గర నేర్పడానికి ఒక పెద్దావిడ వచ్చారు, డెబ్బై దాటి ఉంటాయి. నేనేమో పుస్తకంలో "మీరు" అంటే "తాంగ్‌షిన్" అని బట్టీ పట్టి ఉన్నా కదా, మహా మర్యాదగా "తాంగ్‌షిన్ ఎక్కడ ఉంటారు" అని అడిగా. ఆవిడ చెయ్యి ఆకు మీద అలాగే ఆగిపోయింది, తర్వాత టేబుల్ మొత్తం పగలబడి నవ్వులు. టీచర్ వచ్చి చెప్పింది, ఎదురుగా ఉన్న మనిషిని ఆ మాట అంటే మొగుడూ పెళ్లాలు అనుకోవాలి, లేదా రోడ్డు మీద కొట్లాటలో అనుకోవాలి. అంటే ఆ బామ్మని నేను ఏమని పిలిచానో మీరే ఊహించుకోండి.

మనకి "మీరు" ఒక్కటి ఉంటే ఎక్కడైనా గట్టెక్కేస్తాం. వీళ్లకి అది లేదు. మరి ఏమని పిలుస్తారు? వరస పెట్టి! పెద్దావిడైతే హల్మోనీ, అంటే బామ్మ. హోటల్లో వడ్డించే ఆవిడని ఇమో అంటారు, అంటే అమ్మ తోడబుట్టింది, మనకి పిన్నో పెద్దమ్మో. మేనత్తకి వేరే మాట, కోమో. బస్సులో పక్క సీటాయన్ని బాబాయ్ అని పిలిచే మనకి ఇందులో కొత్తగా నేర్చుకునేది ఏముంది, పుస్తకం మాటలు పక్కన పెట్టి మన ఊళ్లో మాట్లాడినట్టు మాట్లాడితే సరిపోయేది. క్రియలో కూడా అంతే, ఫ్రెండ్‌ని తినమనాలంటే "మొగో", బామ్మకైతే మాటే మారిపోయి "తుసేయో", మనం చిన్నోడిని తినరా అని, తాతని భోంచేయండి అన్నట్టు. క్లాసులో ఈ పాఠం రెండుసార్లు చదివా, ఎక్కలేదు, ఆ నవ్వులతో ఎక్కింది.

చివర్లో ఆవిడ లేత ఆకు ఒకటి చింపి, ఉడికించిన పంది మాంసం ముక్క చుట్టి, చేత్తో నా నోట్లో పెట్టారు. మా ఇంట్లో ఆవకాయ కలిపిన బేసిన్‌లోనే వేడన్నం వేసి మా అమ్మమ్మ అందరికీ ముద్దలు పెట్టేది. ఒక్క క్షణం గొంతులో అడ్డం పడింది, కారం వల్ల కాదు.

[స్క్రీన్ మీద పెద్దక్షరాల్లో: బస్సు – పొసు, టెస్టు – తెసుతు]

ఇది చూడండి, సరదాగా ఉంటుంది. ఇంగ్లీషు మాట హల్లుతో ఆగితే మనకి నాలుక ఊరుకోదు, చివర ఉకారం తగిలిస్తాం. వీళ్లూ అంతే, అలాంటి అచ్చే ఒకటి తగిలిస్తారు. మా లాంగ్వేజ్ ఎక్స్చేంజ్ పార్ట్‌నర్‌కి ఇది చెప్తే పడీ పడీ నవ్వింది. అన్నట్టు ఎక్స్చేంజ్‌లో అరగంట కొరియన్, అరగంట ఇంగ్లీష్ ఉంటుంది, తెలుగు నేర్పమని అడిగేవాళ్లు దొరకడం కష్టం, నేనే బలవంతంగా తన పేరు తెలుగులో రాసిచ్చా. మా అనంతపురం వైపు అయితే లెక్క తిరగబడింది, 2019లో కొరియా కంపెనీ కియా కార్లు అక్కడ తయారవడం మొదలయ్యాక కొరియన్ వస్తే ఉద్యోగానికి పనికొస్తుంది అని చూసేవాళ్లున్నారు, నేను ఇక్కడికి రావడానికి సగం కారణం అదే.

క్లాస్ అయ్యాక ఎవరి కిమ్చీ వాళ్లకి డబ్బాలో ఇచ్చేశారు. ఊరేకొద్దీ గ్యాస్ వస్తుంది, నిండా కుక్కి మూత గట్టిగా బిగిస్తే పొంగుతుంది, నా ఫ్రిజ్ చూస్తే తెలుస్తుంది. దాని పక్కన ఉన్న ఎర్ర సీసా ఆవకాయ. దాని ఫొటో చూపిస్తే హల్మోనీ ఈసారి తెమ్మన్నారు, ఆవపిండిని క్యోజా అంటారని వెతికి పెట్టుకున్నా, మెంతులకే ఏం చెప్పాలో తేలట్లేదు, తెలిసినవాళ్లు కింద రాయండి.