1/35 బొమ్మకు మన ముఖం: స్కిన్‌టోన్ సెట్టా, ఆయిల్ ట్యూబులా?

నమస్తే అండీ. టేబుల్ మీద రెండు తలకాయలున్నాయి, దగ్గరగా చూపిస్తా. రెండూ 1/35 స్కేల్, అంటే అసలు మనిషిలో 35వ వంతు ఉండే జవాను బొమ్మలవే. ఒక్కో తల శనగగింజంత. ఎడమదానికి విదేశీ అక్రిలిక్ స్కిన్‌టోన్ సెట్, అంటే చర్మం రంగుల సీసాలు వాడాను. కుడిదానికి అక్రిలిక్ బేస్ వేసి, అది ఆరాక పైన క్యామెల్ ఆయిల్ రంగుల ట్యూబులు.

సెట్‌లో రంగు పలుచగా, నున్నగా పడుతుంది. మెరుపు ఉండదు. కానీ సీసాలో ఉన్నది ఉన్నట్టు వేస్తే లండన్ సైనికుడు తయారవుతాడు, మన జవాను కాడు. గోధుమ రంగు, ఓకర్ (మట్టి పసుపు) మనమే కలుపుకోవాలి. పైగా వరంగల్ ఎండాకాలంలో అక్రిలిక్ బ్రష్ మీదే ఆరిపోతుంది. టిఫిన్ బాక్సులో తడి స్పాంజి, దానిమీద బటర్ పేపర్ పెడితే ప్యాలెట్ మీద రంగు నిలుస్తుంది, సరే. బొమ్మ చెంప మీద ఆరేదాన్ని ఎవరాపుతారు? వెలుగుకీ నీడకీ మధ్య గీత పడిపోతుంది.

ఆయిల్ గంటల తరబడి తడిగా ఉంటుంది. పొడి బ్రష్‌తో మెల్లగా తడుతూ పోతే ఆ గీత మాయం. ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెనా (ఎర్ర గోధుమ), బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), తెలుపు చాలు. నీడకు నలుపు వద్దు, అంబర్‌లో కాస్త అల్ట్రామెరీన్ నీలం కలపండి. ముందు రంగును అట్టముక్క మీద పిండితే నూనెను అట్ట పీల్చేస్తుంది, మెరుపు తగ్గుతుంది. అయితే ఆరడానికి రోజులు పడుతుంది. దుమ్ము పడకుండా డబ్బా బోర్లించాల్సిందే. ఆయిల్ పలుచన చేయడానికి టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీ తెరవండి.

ఇక కళ్ళు. అందరికీ ఇక్కడే టెన్షన్. మన చేర్యాల పటాల్లో పెద్ద కళ్ళు, నల్లటి గీతలు ఉంటాయి. కథ చెబుతూ జనానికి దూరం నుంచి చూపించే బొమ్మలకు అదే అందం. ఈ సైజులో అదే గీత వేస్తే మాత్రం జవాను దెయ్యాన్ని చూసినట్టుంటాడు! తెల్లగుడ్డుకు అచ్చ తెలుపు కాదు, మురికి తెలుపు. నల్లగుడ్డు పైభాగం రెప్ప కింద దాగాలి. పైరెప్పకు ముదురు గోధుమ గీత, కిందిరెప్పకు అసలు గీతే వద్దు.

నా ఓటు కుడిదానికే. ప్లాటూన్ మొత్తం త్వరగా పూర్తిచేయాలంటే మాత్రం సెట్ కొనండి. ట్యూబులు హన్మకొండలో డ్రాయింగ్ సామాను షాపుల్లో అడగండి. బ్రష్ తీసుకునే ముందు నీళ్లలో ముంచి చూడండి, మొన కుదరకపోతే అక్కడే వదిలేయండి.