వైరస్ ఫిల్టర్ ఎందుకు మూసుకుపోతుంది? ముందు అడ్సార్బెంట్ పెడితే ఏమవుతుంది?

[దృశ్యం: మట్టి కుండ. లోపలి గోడకు ఒక చేయి చిల్లగింజను అరగదీస్తోంది. పక్కన బిందెలో బురద నీళ్లు.]

చెరువు నీళ్లు తాగిన రోజుల్లో చాలా ఇళ్లల్లో చిల్లగింజ ఉండేది. కుండ లోపల గింజను అరగదీసి నీళ్లు పోస్తే, కాసేపటికి బురద అడుక్కి దిగి పైన తేట మిగిలేది. గుడ్డలో వడకట్టినా పోని సన్నటి మట్టి, ఆ కాస్త గింజ గంధానికి లొంగేది. గుడ్డ సైజును బట్టి ఆపుతుంది. గింజ గంధం అంటుకునే గుణాన్ని బట్టి పట్టుకుంటుంది. ఈ రెండో పద్ధతినే మందుల ఫ్యాక్టరీలో ఎలా వాడుకుంటారో చూద్దాం.

[దృశ్యం: స్టీలు ట్యాంకు, పైపులు, ప్రెషర్ గేజ్.]

కొన్ని రకాల క్యాన్సర్లకు ఇచ్చే రిటుక్సిమాబ్ ఒక మోనోక్లోనల్ యాంటీబాడీ, అంటే ప్రోటీన్ మందు. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లోనే దీనికి బయోసిమిలర్‌ను, అంటే దాదాపు అలాగే పనిచేసే పోలిక మందును, రెడిటక్స్ పేరుతో తెచ్చింది. ఇలాంటి మందుల్ని ఎక్కువగా చైనీస్ హ్యామ్‌స్టర్ అనే చిన్న జంతువు కణాల్లో తయారుచేస్తారు. జంతు కణాలు అన్నాక వైరస్ ఉంటుందేమోనన్న భయం తప్పదు. అందుకే శుద్ధి చివరి దశల్లో వైరస్ ఫిల్టర్ ఉంటుంది. ప్రత్యేకంగా వైరస్‌ల కోసమే తయారైన ఫిల్టర్‌ను జపాన్ కంపెనీ అసాహి కాసెయ్ 1989లో ప్లనోవా పేరుతో తెచ్చింది.

[దృశ్యం: జల్లెడలో పెసలు, శనగలు.]

చిక్కు సైజులో ఉంది. అతి చిన్న వైరస్‌లలో ఒకటైన పార్వోవైరస్ సుమారు 20 నానోమీటర్లు. మనకు కావలసిన యాంటీబాడీ సుమారు 10. అంటే పెసలను కిందికి వదిలి శనగలను ఆపే జల్లెడ కావాలన్నమాట. అంతవరకు బాగానే ఉంది. కానీ పెసలకు తేమ తగిలి రెండు మూడు కలిసి ముద్దకడితే? అవి శనగంత అవుతాయి. కిందికి పోవు, కన్నాల్లో ఇరుక్కుంటాయి.

ప్రోటీన్లూ ఇలాగే గుత్తులు కడతాయి. అగ్రిగేట్లు అంటారు. మొత్తంలో వీటి వంతు చాలా తక్కువే ఉండొచ్చు, కానీ కన్నాలు మూయడానికి ఆ కాస్త చాలు. ఫిల్టర్ మీద సుమారు 2 బార్ ప్రెషర్ పెడతారు, కారు టైరులో గాలి అంత. ప్రెషర్ మారదు, ధార మాత్రం సన్నబడుతూ పోతుంది. చివరికి చుక్కలు.

[దృశ్యం: తెర మీద చేత్తో వేసిన లెక్క.]

పోయేదెంతో లెక్క వేద్దాం. లీటరుకు 10 గ్రాముల చొప్పున 1,000 లీటర్లు ఉందనుకోండి, 10 కిలోల మందు. అందులో 1 శాతం ట్యాంకులోనో, మూసుకుపోయిన ఫిల్టర్లోనో ఉండిపోతే 100 గ్రాములు. రిటుక్సిమాబ్‌ను సాధారణంగా శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 375 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. 1.6 చదరపు మీటర్ల మనిషికి 600 మిల్లీగ్రాములు. అంటే 160కి పైగా డోసులు పోయినట్టే! ఇంకో ఫిల్టర్ తగిలించొచ్చుగా అంటారేమో. అది ఖరీదైనది, ఒకసారి వాడి పారేసేది. పైగా అది కూడా తన వంతు కొంచెం ప్రోటీన్‌ను లోపల ఉంచుకుంటుంది.

మరి ముందు ఇంకో సన్న జల్లెడ పెడితే? మామూలు 0.2 మైక్రాన్ ఫిల్టర్ కన్నం 200 నానోమీటర్లు. ఈ గుత్తులు అందులోంచి హాయిగా దూరిపోతాయి. ఇంకా సన్నది పెడితే మొదట అదే మూసుకుపోతుంది. సైజు దారి ఇక్కడితో అయిపోయింది.

[దృశ్యం: చిన్న ఫిల్టర్ గొట్టం, దాని వెనకే వైరస్ ఫిల్టర్.]

అప్పుడొస్తుంది అడ్సార్బెంట్, అంటే వస్తువుల్ని తన ఉపరితలానికి అంటించుకునే పదార్థం. ఇంటర్ తెలుగు మీడియం వాళ్లకు 'అధిశోషణం' గుర్తుండాలి. స్పాంజి నీళ్లు పీల్చుకుంటే శోషణం. వస్తువు ఉపరితలానికి అంటుకుంటే అధిశోషణం. డయాటమ్ అనే నాచు జాతి శిలాజాల మట్టితో చేసిన డెప్త్ ఫిల్టర్లు, నైలాన్ పొరలు, విద్యుదావేశమున్న మెంబ్రేన్లు, ఇవన్నీ ఆ పని చేస్తాయి. వీటి కన్నాలు పెద్దవి, కాబట్టి సులభంగా మూసుకుపోవు. గుత్తులు వెళ్తూ వెళ్తూ గోడకు అంటుకుంటాయి. వైరస్ ఫిల్టర్‌కు అంటుకుని ఇబ్బంది పెట్టేవాటిని, ముందే ఇంకోచోట అంటించేయడం. ముల్లును ముల్లుతోనే తీయడం అంటే ఇదే.

సరే, కానీ మంచి యాంటీబాడీ కూడా ప్రోటీనే కదా, అది అంటుకోదా?

అంటుకుంటుంది. ఈ సబ్జెక్టులో నాకు బాగా నచ్చిన చోటు ఇదే.

[దృశ్యం: పల్లెవెలుగు బస్సు. కిటికీలోంచి సీటు మీద పడుతున్న రుమాలు.]

బస్టాండులో కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకోవడం మనకు కొత్తేం కాదు. మొదట ఎక్కినవాళ్లు కూర్చుంటారు. కాసేపటికి రుమాలు మనిషి వచ్చి 'లేవండి' అంటాడు. లేవాల్సిందే. pH 5 దగ్గర చాలా యాంటీబాడీలకు ధనావేశం ఉంటుంది. గోడకు రుణావేశం ఉంటే మొదట విడి యాంటీబాడీలే సీట్లన్నీ నింపేస్తాయి. కానీ గుత్తికి పట్టు ఎక్కువ. ఒకటి అంటుకునే చోట అది రెండు మూడు చోట్ల అంటుకోగలదు. మెల్లగా విడివాటిని లేపేసి తాను కూర్చుంటుంది. లేచినవి వైరస్ ఫిల్టర్ వైపు సాగిపోతాయి, మనకు కావలసిందీ అదే.

ఇది జరగాలంటే సీట్లకంటే జనం చాలా ఎక్కువ ఉండాలి. అడ్సార్బెంట్ 25 గ్రాములు పట్టుకుంటుందనుకోండి. 10 కిలోల బ్యాచ్‌లో అది పావు శాతం, ఎవరూ బాధపడరు. 100 గ్రాముల ట్రయల్ బ్యాచ్‌లో అయితే పాతిక శాతం! అడ్సార్బెంట్ ఎంత ఎక్కువ పెడితే అంత మంచిది అనుకోవడం పొరపాటు. రెండో మార్గం ఉప్పు. ద్రావణంలో కొంచెం ఉప్పు పెంచితే విడి యాంటీబాడీల పట్టు సడలి, గుత్తులు మాత్రం మిగులుతాయి. ఎంత పెంచాలి అంటే, ఏ యాంటీబాడీకి ఆ లెక్క వేరు.

ఇంకో జాగ్రత్త. ఇవాళ అడ్సార్బెంట్ దాటించి, రేపు వైరస్ ఫిల్టర్ పెడదామంటే కుదరకపోవచ్చు. రాత్రికి రాత్రి మళ్లీ గుత్తులు కట్టొచ్చు. అందుకే వీలైతే రెంటినీ ఒకే పైపులో వెంటవెంటనే పెడతారు. పరీక్షలో మాత్రం విడదీయాలి. వైరస్ ఫిల్టర్ పనితనం చూడడానికి కావాలని వైరస్ కలుపుతారు. దాన్ని అడ్సార్బెంట్‌కు ముందు కలిపితే, అక్కడ అంటుకుపోయిన వైరస్‌ను కూడా ఫిల్టర్ ఖాతాలో వేసుకున్నట్టవుతుంది. కాబట్టి రెంటి మధ్యలో కలుపుతారు.

[దృశ్యం: ట్యాంకు ఖాళీ. పైపులో మిగిలిన ద్రావణం నెమ్మదిగా కదులుతోంది.]

చివరగా కడగడం. పైపుల్లో, ఫిల్టర్లలో మిగిలిన ప్రోటీన్‌ను బఫర్ (pH మారకుండా ఉంచే ద్రావణం) పోసి నెట్టుకొస్తారు. ఎక్కువ పోస్తే మందు పలచబడుతుంది. బఫర్ మార్చి ఉప్పు ఎక్కువున్నది పోస్తే, అడ్సార్బెంట్ అంతసేపూ పట్టుకున్న గుత్తులన్నీ వదిలేసి నేరుగా వైరస్ ఫిల్టర్ మీదకు పంపుతుంది. అందుకే మొదటి నుంచీ వాడిన బఫర్‌తోనే, ప్రెషర్ ఆపకుండా కడుగుతారు. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే కొన్ని ఫిల్టర్లలో, కన్నాల్లో ఆగిన వైరస్ కదిలి అవతలికి జారే ప్రమాదం ఉంది.

[దృశ్యం: గేజ్ ముల్లు కదలకుండా 2 దగ్గర. కింద గొట్టంలోంచి ధార.]