టికెట్ మీద పేరొకటి, ఎగిరేది ఇంకొకటి: ఎయిర్‌లైన్ ఎంచుకునే కొలతల రివ్యూ

నమస్కారమండీ. ఈ వీడియోలో ఏ ఒక్క ఎయిర్‌లైన్‌నీ రివ్యూ చెయ్యట్లేదు. ఎయిర్‌లైన్‌ని ఎంచుకోడానికి అందరం వాడే కొలతలున్నాయి కదా, రేటు, స్టార్ రేటింగు, టైముకొస్తుందన్న పేరు, సీటు, ఎగిరినందుకు కంపెనీ ఇచ్చే మైల్స్ పాయింట్లు... వాటిని రివ్యూ చేస్తున్నాం. ఏది నమ్మొచ్చు, ఏది పైపై పటాటోపం, ఏది టికెట్ కొన్నాక గాని బయటపడదు, అదీ లెక్క.

ఒక్క విషయం మనసులో పెట్టుకుని వినండి. ఒకే కంపెనీలో పొద్దున ఫ్లైటుకీ రాత్రి ఫ్లైటుకీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉండొచ్చు. విమానం వేరు, సీటు వేరు, ఒక్కోసారి నడిపే సిబ్బందే వేరే కంపెనీ వాళ్లు. కాబట్టి కంపెనీ పేరు చూసి ఆగిపోవద్దు, ఫ్లైట్ నంబరు దాకా వెళ్లాలి.

మొదట రేటు. సెర్చ్‌లో పైన కనపడే అంకె సగం కథే. కొన్ని కంపెనీల అతి తక్కువ ఛార్జీలో సీటు కింద పట్టే చిన్న సంచీ ఒక్కటే వస్తుంది. తల మీద అరలో పెట్టే బ్యాగుకి వేరే డబ్బు, చెకిన్ బ్యాగుకి వేరే, సీటు ఎంచుకుంటే వేరే. కొన్నిచోట్ల కౌంటర్లో బోర్డింగ్ పాస్ ప్రింట్ చేయించుకున్నా వేరే. అందుకని రెండు టికెట్లు పోల్చేటప్పుడు పేమెంటు పేజీ దాకా వెళ్లి, డబ్బు కట్టకుండా అక్కడ ఆగండి. మీకు కావాల్సిన బ్యాగులు, సీటు అన్నీ కలిపాక వచ్చిన మొత్తం రాసుకోండి. రెండో కంపెనీ సైట్లోనూ అదే పని. అప్పుడు చూడండి, చవక అనుకున్నదే చాలాసార్లు ఖరీదైనదిగా తేలుతుంది. బ్యాగు మాత్రం ఆన్‌లైన్లోనే ముందుగా కలపండి. కౌంటర్ దగ్గర మామూలుగా ఎక్కువ పడుతుంది, గేటు దగ్గర దొరికిపోతే ఇంకా ఎక్కువ.

లగేజీలో రెండు పద్ధతులున్నాయి, ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. టికెట్లో బ్యాగేజీ అన్న చోట 2పీసీ (రెండు బ్యాగులు) అని ఉంటే అది బ్యాగుల లెక్క. 30కె (30 కిలోలు) అని ఉంటే మొత్తం బరువు లెక్క. బ్యాగుల లెక్కలో ఎకానమీకి మామూలుగా ఒక్కో బ్యాగుకి 23 కిలోలు. మీ దగ్గర ఒకటి 26 కిలోలు, ఇంకోటి 15 కిలోలు ఉన్నాయనుకోండి. మొత్తం 41, హద్దు 46, అయినా ఆ 26 కిలోల బ్యాగుకి అదనం కట్టాల్సిందే. బరువు లెక్కలో ఈ పేచీ లేదు, సాధారణంగా ఎలా పంచుకున్నా ఒప్పుకుంటారు. కానీ ఏ పద్ధతిలోనైనా ఒకే బ్యాగు 32 కిలోలు దాటితే చాలా ఎయిర్‌లైన్లు తీసుకోవు. అది బ్యాగులు ఎత్తేవాళ్ల నడుముల కోసం పెట్టిన హద్దు, బతిమాలినా లాభం లేదు. సైజులో పొడవు, వెడల్పు, ఎత్తు కూడితే 158 సెంటీమీటర్లు దాటకూడదన్నది ఎక్కువమంది పాటించే కొలత. చక్రాలు, పిడి కూడా కలిపే కొలుస్తారు.

ఛార్జీ నిబంధనల పేజీ ఎవరూ చదవరు. కనీసం మూడు మాటల కోసమైనా వెతకండి: క్యాన్సిల్, ఛేంజ్, నో-షో. ఈ మూడోదే ప్రమాదం. రానూ పోనూ కలిపి తీసుకున్న టికెట్లో మొదటి ఫ్లైట్ ఎక్కకపోతే, చాలా కంపెనీలు మిగతా ఫ్లైట్లన్నీ రద్దు చేసేస్తాయి. తిరుగు ప్రయాణానికి ఎయిర్‌పోర్టుకొచ్చాక తెలిస్తే చేసేదేం ఉండదు.

ఇక స్టార్ రేటింగులు. నిజం చెప్పాలంటే ఈ కొలతకి మేమిచ్చే మార్కులు చాలా తక్కువ. బిజినెస్ క్లాసులో పడుకుని వెళ్లినవాళ్లు, బ్యాగు పోయి మండిపడుతున్నవాళ్లు, ఇద్దరి ఓట్లూ కలిపి తీసిన సగటు మీ ఎకానమీ సీటు గురించి ఏం చెబుతుంది? రివ్యూలు చదవాలనుకుంటే మీ రూటు, మీ క్లాసు, గత ఏడాది లోపలివి మాత్రమే ఏరుకుని చదవండి. ఫిర్యాదుల్లో ఒక్కటి గమనించండి: ఫ్లైట్ రద్దయినప్పుడు వాళ్లేం చేశారు? టీ చల్లారిందని రాసిన రివ్యూ కంటే అది వంద రెట్లు పనికొస్తుంది.

టైముకొస్తుందా అన్నది కొంచెం లోతుగా చూద్దాం. విమానయానంలో షెడ్యూల్ కంటే 15 నిమిషాల లోపు ఆలస్యంగా వచ్చినా 'ఆన్ టైమ్' కిందే లెక్క. పైగా ఎయిర్‌లైన్లు షెడ్యూల్లోనే కాస్త అదనపు టైము కలిపి పెట్టుకుంటాయి. రెండు గంటల ప్రయాణానికి రెండున్నర గంటలని రాస్తే, ఆలస్యంగా బయల్దేరినా టైముకి చేరినట్టే. ఒకే రూట్లో రెండు కంపెనీలు రాసుకున్న ప్రయాణ సమయాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ కిటుకు కనపడుతుంది.

కంపెనీ మొత్తం సగటుతో మీకు పనిలేదు. ఫ్లైట్‌రాడార్24 లాంటి ట్రాకింగ్ సైట్లో మీ ఫ్లైట్ నంబరు కొట్టండి. గత వారం రోజులది ఉచితంగానే కనపడుతుంది. వారంలో నాలుగు రోజులు నలభై నిమిషాలు లేటయిందంటే మీ రోజున అద్భుతం జరుగుతుందని ఆశపడకండి. పొద్దున మొదటి ఫ్లైటు విమానం ఎక్కువగా రాత్రే వచ్చి అక్కడ ఉంటుంది, కాబట్టి ఆలస్యం తక్కువ. సాయంత్రం ఫ్లైటుకి పొద్దుట్నుంచీ పేరుకున్న ఆలస్యం చుట్టుకుంటుంది. అలాగే ఆ రూట్లో ఆ కంపెనీకి రోజుకి ఎన్ని ఫ్లైట్లున్నాయో లెక్కపెట్టండి. రోజుకి ఐదుంటే, ఒకటి రద్దయినా తర్వాతదానికి ఎక్కిస్తారు. వారానికి మూడే ఉంటే రెండు రోజులు హోటల్లోనే. మా దృష్టిలో రేటు తర్వాత చూడాల్సిన అంకె ఇదే, కానీ ఏ పోలిక సైటూ దీన్ని పైన చూపించదు.

ఇప్పుడు టైటిల్‌లో చెప్పిన సంగతి. టికెట్ ఒక కంపెనీ పేరు మీద ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో 'ఆపరేటెడ్ బై' అని ఇంకో పేరుంటుంది. దాన్ని కోడ్‌షేర్ అంటారు. మీరు ఎక్కేది ఆ రెండో కంపెనీ విమానం. సీట్లు, భోజనం, సిబ్బంది, చెకిన్ కౌంటర్ అన్నీ వాళ్లవే. అదే విమానంలో అదే సీటుకి రెండు కంపెనీల సైట్లలో రెండు రేట్లుంటాయి, రెండూ చూడకుండా కొనకండి. కొన్నాక, నడిపే కంపెనీ దగ్గర మీ బుకింగ్‌కి వేరే ఆరక్షరాల పీఎన్ఆర్ ఉండొచ్చు. కస్టమర్ కేర్‌ని అడిగి అది తీసుకోండి, లేకపోతే వాళ్ల సైట్లో సీటు ఎంచుకోవడం కుదరకపోవచ్చు. కంపెనీకి విమానాలు చాలక సిబ్బందితో సహా అద్దెకి తెచ్చుకునేది ఇంకో రకం, దాన్ని వెట్ లీజ్ అంటారు. అప్పుడు ప్రకటనల్లో చూసిన సీటు అందులో ఉండకపోవచ్చు.

మధ్యలో ఫ్లైటు మారాల్సిన కనెక్షన్ ఉంటే, ఒకే టికెట్టా రెండు టికెట్లా అన్నదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. ఒకే టికెట్ మీద మొదటి ఫ్లైట్ లేటై రెండోది తప్పిపోతే, తర్వాతదాంట్లో పంపే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. విడివిడిగా కొంటే రెండో కంపెనీ దృష్టిలో మీరు నో-షో. సెర్చ్ సైట్లు దీన్ని 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్' అని చిన్న గుర్తుతో చూపిస్తాయి. అందులో మీరే బ్యాగు తీసుకోవాలి, ఇమ్మిగ్రేషన్ దాటాలి, మళ్లీ చెకిన్ చెయ్యాలి. అంతర్జాతీయ ఫ్లైట్లకి కౌంటర్ చాలాచోట్ల గంట ముందే మూసేస్తారు. పైగా ఇమ్మిగ్రేషన్ దాటాలంటే చాలా దేశాల్లో వీసా కావాలి. వీసా లేకపోతే మొదటి ఎయిర్‌పోర్టులోనే ఎక్కనివ్వరు. అంత సాహసం చేసేవాళ్లు మధ్యలో ఒక రాత్రైనా వ్యవధి ఉంచుకోండి.

సీటు. పిచ్ అంటే కాళ్లకి దొరికే జాగా అనుకుంటారు, కాదు. మీ సీటులో ఒక చోటు నుంచి ముందు సీటులో అదే చోటు దాకా ఉన్న దూరం అది. చవక కంపెనీల్లో 28, 29 అంగుళాలు, మిగతావాటిలో 31, 32. సీటు వీపు పల్చగా ఉంటే 29 కూడా సర్దుకోవచ్చు. కానీ సుదూర ప్రయాణంలో భుజాలు నలిగేది వెడల్పు దగ్గర. ఎయిర్‌బస్ ఎ320లో సీటు సుమారు 18 అంగుళాలు, బోయింగ్ 737లో సుమారు 17. బోయింగ్ 777లో వరసకి తొమ్మిది సీట్లు వేసినవాళ్లున్నారు, పది వేసినవాళ్లున్నారు. విమానం అదే, అంగుళం పైగా తేడా. 787లో వరసకి తొమ్మిది మామూలు, అక్కడ దాదాపు 17 అంగుళాలే. అయితే 787కీ ఎ350కీ ఒక మేలుంది. లోపలి గాలి ఒత్తిడి దాదాపు 6,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టుంటుంది, పాత విమానాల్లో అది 8,000 అడుగుల దాకా పోతుంది. పదిహేను గంటల ప్రయాణంలో తలనొప్పి, బడలిక మీద ఆ తేడా తెలుస్తుంది. బుకింగ్ పేజీలో విమానం రకం రాసి ఉంటుంది, సీట్ మ్యాప్‌లో వరసకి ఎన్నో లెక్కపెట్టండి, చాలు.

భద్రత మీద 'టాప్ 20' జాబితాలు చూసి ఎంచుకోవద్దు. రెండు చోట్ల చూస్తే సరిపోతుంది: ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం ఐయాటా చేసే భద్రతా ఆడిట్ ఐయోసా, దాని రిజిస్టర్లో పేరుందా, యూరోపియన్ యూనియన్ 2006 నుంచి ప్రచురిస్తున్న నిషేధ జాబితాలో లేదు కదా. ఐయోసా రిజిస్టర్లో లేనంత మాత్రాన చెడ్డదని కాదు, ఉంటే మాత్రం ఒక బెంగ తగ్గినట్టే.

యూరప్ వెళ్లేవాళ్లు ఒక్క క్షణం ఆగండి. 2004 నాటి యూరోపియన్ యూనియన్ 261 నంబరు నిబంధన కింద, ఎయిర్‌లైన్ తప్పు వల్ల గమ్యానికి మూడు గంటలో అంతకన్నా ఎక్కువో ఆలస్యంగా చేరితే 250 నుంచి 600 యూరోల దాకా పరిహారం. యూరోపియన్ యూనియన్ నుంచి బయల్దేరే ఫ్లైటుకి ఏ కంపెనీ అయినా వర్తిస్తుంది. బయటి నుంచి అక్కడికి వెళ్లేటప్పుడు మాత్రం నడిపేది యూనియన్ కంపెనీ అయితేనే. రేటు సమానంగా ఉన్న రెండు కంపెనీల మధ్య ఊగిసలాడుతుంటే, తక్కెడ ఒకవైపు మొగ్గడానికి ఇది చాలు.

మైల్స్ గురించి ఎక్కువ చెప్పం. ఏడాదికి రెండు మూడు ప్రయాణాలు చేసేవాళ్లు మైల్స్ కోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. అతి తక్కువ ఛార్జీ టికెట్లకి కొన్ని ప్రోగ్రాములు మైల్స్ నామమాత్రంగా ఇస్తాయి, లేదా అసలివ్వవు.

చివరిగా, ఎక్కడ కొనాలి? రేటు దాదాపు సమానమైతే ఎయిర్‌లైన్ సొంత సైట్లోనే. మధ్యలో ఏజెన్సీ ఉంటే మార్పుకీ రీఫండ్‌కీ 'వాళ్లనడగండి, వీళ్లనడగండి' అని తిప్పుతారు. ఏజెన్సీ దగ్గర కొన్నట్టయితే అదే రోజు ఎయిర్‌లైన్ సైట్లో పీఎన్ఆర్ తెరిచి మీ ఫోన్ నంబరు, మెయిల్ ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే టైము మారిన కబురు మీదాకా రాదు. ఆ కబురొచ్చినప్పుడు కూడా 'యాక్సెప్ట్' బటన్ వెంటనే నొక్కకండి. షెడ్యూల్ బాగా మార్చింది ఎయిర్‌లైనే అయితే, వేరే ఫ్లైటుకి ఉచితంగా మార్చమనో డబ్బు వెనక్కివ్వమనో అడిగే వీలు చాలా కంపెనీల్లో ఉంటుంది, నొక్కాక అది పోతుంది.